అడిగి తీసుకునే వైరు

ఆకివీడు రొయ్యల ల్యాబు ముందు ఐసు లారీ ఆగి ఉంది. లోపల మైక్రోస్కోపు కింద వెంకట్రాజు చెరువు రొయ్య సిద్ధంగా ఉన్నా, దాన్ని చూపించాల్సిన తెర నల్లగా ఉంది. రొయ్యకు పట్టింది తెగులైతే సగం ఎదిగిన సరుకును ఈ పూటే పట్టి ఆ లారీకెత్తాలి. కాకపోతే ఇంకో నెల పెంచుకోవచ్చు.

ఎలీయాజరును పిలిపించారు. అరవై దాటినవాడు. రేడియోలతో మొదలుపెట్టి టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చాడు. పదో తరగతి తప్పినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఫోనులో మాన్యువల్సు చదివి నేర్చుకున్నాడు. ఊరికి మాత్రం ఇప్పటికీ రేడియో ఎలీయాజరే. చదువుకున్నవాళ్ళు చేతులెత్తేశాకే అతను గుర్తుకొస్తాడు.

మానిటర్ నుంచి కంప్యూటర్ డబ్బాకు ఒకటే టైప్-సి వైరు. డబ్బాకు కరెంటు, తెరకు బొమ్మ, రెండూ దాంట్లోంచే వెళ్ళాలి. మధ్యలో లావుగా టేపు చుట్టి ఉంది.

"ఇదెవరు అతికారండీ?"

"నేనే. ఎలక కొరికింది. చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లకి వెయ్యి అతుకులేసినోణ్ణి, ఇదో లెక్కా?" అన్నాడు వెంకట్రాజు. "ఎర్రదీ నల్లదీ కలిపాను. వెంట్రుకల్లాంటివి ఎందుకని తెంపేశా."

"దాని నోరు తెంపేశారండీ రాజుగారూ."

ల్యాబు చూసుకునే లిడియా నవ్వాపుకుంది.

"మాట నడిచేది ఆ సన్నవైర్లోనేనండి. అవతల డబ్బా ఉందని దాని ద్వారా తెలిస్తేనే మానిటర్ కరెంటు వదులుతుంది."

"కరెంటుకి మాటలేంటయ్యా!"

ఎలీయాజరు లిడియా ఫోను వైరు అడిగి తీసుకుని, మానిటర్‌కీ డబ్బాకీ గుచ్చి, మధ్యలో చిన్న మీటరు పెట్టాడు. ఐదు వోల్టులు. ముగ్గురూ వంగారు. రెప్పపాటులో ఇరవై. డబ్బా దీపం వెలిగింది.

"చూశారా? డబ్బా ఐదుతో కళ్ళు తెరిచింది. ఇరవై కావాలంది. మానిటర్ సరేనంది."

వెంకట్రాజు మీటరు మీదికి ఇంకాస్త వంగాడు. ఎలీయాజరు ఇది చూడటం వందోసారి, అయినా ఒళ్ళు జలదరించింది. నలభై ఏళ్ళుగా అతనికి తెలిసిన కరెంటు అడక్కుండా కొట్టేదే. తండ్రి కోతలు కోసిన చేలన్నీ రొయ్యల చెరువులైనప్పుడు కూడా ఆ కోసే చేతుల్ని ఎవరూ అడగలేదు. ఈ వైరు గోరంత కొసలో మాత్రం ఇంత మర్యాద!

తెర ఇంకా నల్లగానే ఉంది.

"బొమ్మ రాలేదుగా?" వెంకట్రాజు గొంతు తగ్గింది.

"ఇది చార్జింగు వైరండీ. బొమ్మ వెళ్ళే దారి ఇందులో లేదు."

సంచిలోంచి తన సొంత వైరు తీసి గుచ్చాడు. దీపం వెలిగింది. ఒక క్షణం, రెండు క్షణాలు. డబ్బా తన దగ్గర బొమ్మ ఉందని చెబుతోంది, మానిటర్ దాన్ని ఏ సైజులో పంపాలో చెబుతోంది. అంతా చీకట్లోనే. ఉన్నట్టుండి తెర తెల్లబడింది. కాసేపటికి రొయ్య మొప్ప అరిటాకంత ఈనెలతో పరుచుకుంది.

లిడియా చాలాసేపు చూసింది. "తెగులు కాదండీ. మొప్పలకి పాచి పట్టింది. నీళ్ళు మార్చండి చాలు."

వెంకట్రాజు బయటికెళ్ళి లారీని పంపేసి వచ్చాడు. ఎలీయాజరు సంచి సర్దుకుంటున్నాడు.

"ఆ వైరు ఇక్కడే ఉంచెయ్య..." అని ఆగాడు వెంకట్రాజు. తెరవైపు ఓసారి చూశాడు. "ఉంచొచ్చాండీ?"

"ఉంచండి," అన్నాడు ఎలీయాజరు.