కిడ్నీ బాగుంది

ఉద్దానంలో ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకముందే క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. పెళ్ళిళ్ళలో అదే మాట, పరామర్శల్లోనూ అదే మాట. ఒంట్లో ఇంకే అవయవమూ లేనట్టు, ఉన్నా దానికి ఏ జబ్బూ రానట్టు, ఆ మనుషులు మూత్రపిండాల చుట్టూనే బతుకుతుంటారు. వాళ్ళనీ అనడానికి లేదు. ఏ వీధి చూసినా ఆ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఒకటుంటుంది. రత్నాలమ్మ ఇంట్లో మాత్రం మనిషి ఇంకా పోలేదు. పోనివ్వకుండా ఆమె పట్టుకుని కూర్చుంది.

ఆ మనిషి ఆమె భర్త పోలారావు. ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. ఇప్పుడు గుమ్మం దాటాలన్నా గోడ పట్టుకోవాలి. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. ఆ రెండు రోజులూ తెల్లారేసరికి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"ఈపాలికి ఒగ్గెయ్యే. ఇంక నా వల్ల కాదు," అనేవాడు.

"లెగు మావా," అనేది రత్నాలమ్మ.

బతిమాలేది కాదు, తిట్టేదీ కాదు. పొయ్యి దగ్గర నుంచి ఒకసారి, జుట్టు ముడేసుకుంటూ ఒకసారి, సంచీ సర్దుతూ ఇంకోసారి, అతను లేచి కూర్చునేదాకా ఆ ఒక్క మాటే. తర్వాత ఆటోలో తీసుకెళ్ళి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తను కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి పరుగెత్తేది. జీడిపప్పు మీద పొట్టు చిన్న కత్తితో తీసి, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు వేయడం ఆమె పని. సాయంత్రం మళ్ళీ భర్తని ఇంటికి చేర్చుకునేది. నీకు అలసటగా లేదా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమెకీ తెలియదు. అలసిపోయామని తెలియడానికైనా కాస్త తీరిక ఉండాలి కదా.

ఆమెకు బీపీ ఉందని ఊళ్ళోకి వచ్చిన నర్సు చెప్పి మాత్రలిచ్చింది. కొన్నాళ్ళు వేసుకుని మానేసింది. నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలు పోతాయన్న మాట ఆ ఊళ్ళలో బాగా నాటుకుపోయింది. అందులో నిజముంది. రత్నాలమ్మ ఆ నిజాన్ని ఇంకాస్త సాగదీసింది. నొప్పి బిళ్ళే అంత చేస్తే రోజూ మింగే బీపీ బిళ్ళ ఊరుకుంటుందా? నా కిడ్నీ కూడా పోతే పొద్దున్నే ఈయన్ని ఎవరు లేపుతారు? భర్త కోసమే ఆ మాత్రల్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది. బీపీ అదుపులో ఉంటేనే కిడ్నీలు నిలుస్తాయని నర్సు చెప్పే ఉంటుంది. భయం ముందు ఆ మాట చెవికెక్కలేదు.

ఆ వేసవిలో ఒకరోజు ఫ్యాక్టరీలో ఆమె కుడిచేతిలోంచి పప్పు జారి పడిపోయింది. తీసింది. మళ్ళీ పడింది.

"ఓలమ్మా, నీ సెయ్యేటి అలగైపోతంది?" అంది పక్కన కూర్చున్న బొడ్డమ్మ.

"జీడి పట్టేసిందే, తిమ్మిరెక్కింది," అంది రత్నాలమ్మ.

జీడిరసానికి వేళ్ళు నల్లబడడం, చర్మం ఊడడం, స్పర్శ తగ్గడం అక్కడ అందరికీ మామూలే. కాసేపటికి చెయ్యి తిరిగొచ్చింది. తలలో ఒక నాళం కాసేపు మూసుకుని తెరుచుకుందని, అది మళ్ళీ మూసుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆ తర్వాత ఒక గురువారం మధ్యాహ్నానికి ముందు కత్తే జారిపోయింది. కత్తి అందుకోమని బొడ్డమ్మతో చెప్పబోతే నోట్లోంచి మాట బయటికి రాలేదు. మూతి ఒక పక్కకి జారింది.

"కిడ్నీయే! మొగుడిదే ఈవిడకీ ఒచ్చీసింది!" అని బొడ్డమ్మ నెత్తి కొట్టుకుంది.

అందరికీ అదే తోచింది. ఆసుపత్రికి కాదు, ముందు రక్తపరీక్షకి తీసుకెళ్ళారు. టెక్కలి నుంచి కూతురు హేమలత వచ్చేదాకా, రిపోర్టు వచ్చేదాకా రత్నాలమ్మను బెంచీ మీద ఆనించి కూర్చోబెట్టారు. రిపోర్టు వచ్చింది.

"అమ్మా, కిడ్నీ బాగుందే! ఏటీ నేదంట!" అని హేమలత తల్లిని కావలించుకుని ఏడ్చింది. బొడ్డమ్మ కనిపించని దేవుడికి దండం పెట్టింది. వాళ్ళు సంతోషిస్తున్నంతసేపూ రత్నాలమ్మ తలలో ఎడమవైపు, రక్తం ఆగిన చోట, మెదడు కొంచెం కొంచెంగా చచ్చిపోతూనే ఉంది. చూసినవాళ్ళకి జాలేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఎవరి మీదని మండాలి?

మాట ఎంతకీ తిరిగి రాకపోయేసరికి, పోలారావునీ వెంటబెట్టుకుని రాత్రికి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. అక్కడ పెద్ద డాక్టరు స్కానింగ్ చూసి చెప్పాడు. "మాటనీ కుడిచేతినీ నడిపించే చోటు ఇది. ఇక్కడికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడింది. మొదటి నాలుగు గంటల్లో తెచ్చుంటే కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం."

"కొబ్బరి పాదుకి నీరందకపోతే పైన మొవ్వు ఎండిపోయినట్టా బాబూ?" అన్నాడు పోలారావు.

"అలాంటిదే. కాకపోతే చెట్టు కొన్నాళ్ళు ఆగుతుంది, మెదడు నిమిషాలు కూడా ఆగదు. పోయింది తిరిగి రాదు. పక్కనున్న భాగం ఆ పని నేర్చుకోవాలి. ఎంత నేర్చుకుంటుందో ఇప్పుడే చెప్పలేం."

రత్నాలమ్మకి అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి. మాత్రలు బియ్యం డబ్బా వెనకున్నాయని చెప్పాలని నోరు తెరిచింది.

"లెగు మావా," అంది.

పోలారావు ఉలిక్కిపడి లేచాడు. "నీల్లు కావాలా? దుప్పటా?"

"లెగు మావా."

ఏం చెప్పబోయినా అదే వచ్చింది. తక్కిన మాటలన్నీ పోయినా, రోజూ అని అని అలవాటైపోయినది ఒక్కోసారి ఇలా మిగిలిపోతుందని డాక్టరు అన్నాడు. హేమలత బయటికి వెళ్ళి ఏడ్చి వచ్చింది.

శుక్రవారం పోలారావు డయాలసిస్‌కి వెళ్ళలేదు. శనివారానికి అతని కాళ్ళు ఉబ్బాయి, ఆయాసం మొదలైంది.

"డయాలసిస్ ఈ ఆసుపత్రి కిందనే ఉంది నానా, నీ పేరు రాయించీసినాను. బేగి రా," అంది హేమలత.

"దీన్ని ఇలగ ఒగ్గి నానెక్కడికీ రాను. ఇంక సాల్లే గుంటా," అన్నాడతను. గొంతులో బాధ లేదు. చాలాకాలానికి దొరికిన నిమ్మళం ఉంది.

ఆ నిమ్మళం రత్నాలమ్మకి అర్థమైంది. మానేయడానికి ఏళ్ళుగా సాకు వెతుక్కుంటున్నాడు, ఇప్పటికి దొరికింది. ఆ సాకు తనే. ఆమెకి భయమేసింది, అంతకుమించి కోపమొచ్చింది. ఇన్నాళ్ళ చాకిరీ ఇందుకా? తిట్టాలనుకుంది, మాట దొరకలేదు. బతిమాలాలనుకుంది, అదీ దొరకలేదు. ఉన్నదేదో అదే అంది, ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి అన్నట్టే, బతిమాలకుండా, తిట్టకుండా.

"లెగు మావా."

పోలారావు ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి ఆ గొంతు తెలుసు. లేచేదాకా అది ఆగదనీ తెలుసు. మంచం ఊచ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. హేమలత సంచీ అందుకుంది. అతను వంగి, కదలని ఆ కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. జీడికి నల్లబడిన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నాను లెగిసినానే," అన్నాడు. "మరి నువ్వెప్పుడు లెగుత్తావు?"