ఇరుకులోయలో తొలి నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటన్న మాటను వినకుండానే ఒంటబట్టించుకున్న మనిషి యానబా. అమెరికా ఎడారిలో, తమ నవాహో తెగవాళ్ల కొండచీలికలో ఏళ్ల తరబడి యాత్రికులను నడిపిస్తోంది. "తల జాగ్రత్త", "ఊపిరి వదిలి పక్కకు తిరుగు", "మబ్బు కనబడితే ఫొటోలు మాని కాళ్లకు పని చెప్పు". ఈ మూడు ముక్కలు దాటి ఆమె నోట మాట వచ్చేది కాదు. నవాహోలు ఇంత ముభావంగా ఉంటారా అని యాత్రికులు అనుకునేవారు. నవాహోలూ అదే అనుకునేవారు.

అలాంటి యానబాకు మూడు నెలలుగా ఒకటే కోరిక. మనవరాలి తొలి నవ్వు తనవల్ల రావాలి. అక్కడ పసిబిడ్డను మొదట నవ్వించినవాళ్లే గొర్రెను కోసి విందు పెట్టాలి. బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్లందరికీ రాళ్ల ఉప్పు పంచాలి. బిడ్డకు వాళ్ల గుణమే అబ్బుతుందంటారు. కూతురు లారెటా తొలి నవ్వును ఓ పిన్నమ్మ కొట్టేసింది. యానబా అప్పుడు పట్నంలో హోటలు దుప్పట్లు ఉతుకుతోంది. విందుకొచ్చి, అందరిలాగే వరసలో నిలబడి, సొంత బిడ్డ చేతి ఉప్పు పుచ్చుకుంది. ఆ బాధ ఆమెకు ఇప్పటికీ పోలేదు.

ఈసారి పోటీ మేనత్త కొడుకు ఎడిసన్‌తో. బావామరదళ్లంటే అక్కడా ఎకసెక్కాలే. పాప కనబడితే చాలు, టోపీ తలకిందులుగా పెట్టుకుని మేకలా అరుస్తాడు. పాప కళ్లింత చేసుకుని చూస్తుంది గానీ నవ్వదు. యానబా లోలోపల హమ్మయ్య అనుకుంటుంది.

ఆ రోజు పాపను యానబా తల్లికి చూపించడానికి బయల్దేరారు. ముసలామె వేసవికి గొర్రెలతో చీలిక అవతలి కొసన మకాం వేసింది. ట్రక్కులో పోతే ఇసుకలో దిగబడి పొద్దుపోతుంది. చీలికలోంచి నడిస్తే మధ్యాహ్నానికి మాంసం పులుసు ముందు కూర్చోవచ్చు.

యానబా ముందు ఆకాశం చూసింది. చిటికెడు మొక్కజొన్న పుప్పొడి చల్లి, లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు కాసేపు నిలబడింది. లోపల చల్లగా ఉంది. రెండు పక్కలా ఎర్రటి గోడలు వంపులు తిరుగుతున్నాయి, పైన సన్నటి ఆకాశం. ఎండ గోడల మీద పడి, అక్కణ్ణించి నారింజరంగుగా పాప ముఖం మీదికి దిగుతోంది. ఎప్పటిదో వరద ఇరికించి పోయిన దుంగ ఒకటి తలల మీద వేలాడుతోంది. ఇందులో నడుస్తుంటే యానబాకు సొంత ఇంట్లో తిరిగినంత హాయి.

"ఏం మరదలా, పొద్దస్తమానం నీ ముఖమే చూస్తే పాప నవ్వినట్టే," అన్నాడు వెనక నుంచి ఎడిసన్.

"నీ ముఖం చూసి గొర్రెలే నవ్వడం లేదు బావా."

మరీ ఇరుకైన చోటు వచ్చింది. లారెటా ముందు దాటి, పాపను కట్టిన ఊయలచెక్కను వెనక్కి తిప్పి పట్టుకుంది. యానబా ఊపిరి వదిలి పక్కకు తిరిగింది. సగంలో ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. రాయి చూస్తున్నా."

"రోజూ చూసే రాయే కదా. ఊపిరి వదిలి పక్కకు తిరుగు," అన్నాడు ఎడిసన్ అచ్చం ఆమె గొంతుతో. తర్వాత వంగి చూసి, "పొట్ట కాదు మరదలా, నీ జేబులో ఏదో అడ్డుపడింది. తీసెయ్యి."

"జేబులో ఏమీ లేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అంటూనే జేబును గట్టిగా పట్టుకుంది. దాంతో ఇంకా ఇరుక్కుంది. జేబులోది ఎడిసన్ కంట పడేకన్నా ఈ రాళ్ల మధ్యే ఉండిపోవడం మేలనిపించింది.

"సరే, అక్కడే ఉండు. రేపొచ్చే యాత్రికులకు నిన్నే చూపిస్తా. ఈ రాయికి ముఖం కూడా ఉందండీ, కానీ నవ్వదు అని చెబుతా."

గోడలో ఇరుక్కుని, వచ్చేపోయేవాళ్లకు "తల జాగ్రత్త" చెబుతున్న తనను తాను ఊహించుకుంది యానబా. కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుంది, ఆగలేదు. పడీపడీ నవ్వింది. నవ్వినకొద్దీ పొట్ట ఎగిరి రాయికి తగులుతోంది, తగిలినకొద్దీ నవ్వొస్తోంది. పాప ఆమెనే రెప్పవేయకుండా చూసింది. బోసినోరు తెరిచింది. కిలకిలమని నవ్వింది.

"నవ్వింది," అంది లారెటా మెల్లగా.

"నా మాటకే. గొర్రె నేను కోస్తా," అన్నాడు ఎడిసన్ వెంటనే.

యానబా నవ్వు ఆరిపోయింది. కాదనడానికి లేదు, తనను నవ్వించింది అతనే. ఉసూరుమంటూ ఊపిరంతా వదిలేసింది. అంతే, రాయి ఆమెను వదిలిపెట్టింది.

మకాం దగ్గర ఎడిసన్ జరిగిందంతా నటించి మరీ చూపించాడు. ముసలామె పులుసు కలుపుతూ విన్నది.

"అప్పుడు నువ్వెక్కడున్నావు అల్లుడూ?"

"యానబా వెనకాల అత్తా."

"పాపకు కనబడ్డావా?"

"ఎలా కనబడతాను? దారి మొత్తం మరదలే అడ్డం."

"మరి పాప ఎవర్ని చూసి నవ్వింది?"

ఎడిసన్ బుర్ర గోక్కున్నాడు. ముసలామె అక్కడి అలవాటు ప్రకారం వేలికి బదులు పెదవులు ముందుకు చాచి యానబాను చూపించింది. "విందు దానిదే. గొర్రె సంగతి రేపు చూద్దాం. ఇవాళ తలా ఒక ఉప్పు పలుకైనా నోట్లో వేసుకుంటే బాగుండేది. నా దగ్గర రాళ్ల ఉప్పు లేదే."

యానబా జేబులో చెయ్యి పెట్టి పిడికెడంత మూట తీసింది. పాప పుట్టిన రోజున కట్టిన మూట అది, గుడ్డ అంచులు నలిగి మాసిపోయాయి. ముడి బిగిసిపోయి వేళ్లకు రాకపోతే పళ్లతో లాగింది. లోపల రాళ్ల ఉప్పు తళతళమంది.

ఎడిసన్ మూటనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "మూడు నెలల నుంచీ మోస్తున్నావా?"

ఆమె తలూపింది. పాప వేళ్ల మధ్య ఒక పలుకు పెట్టి, ఆ చిన్న పిడికిలిని తన చేత్తో పట్టుకుంది. దేనికైనా ఒక ఎకసెక్కం సిద్ధంగా ఉంచుకునే ఎడిసన్ టోపీ తీసి, అందరికన్నా ముందు వచ్చి చెయ్యి చాచాడు.