తెల్లాపూర్‌లో మా ముత్తాత సమాధి కోసం

మా అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఐర్లాండ్ ఆయన ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తన ముత్తాత సేద్యం చేసిన పొలాన్నీ, ఆయన సమాధినీ వాళ్ల దేశంలో తిరిగి తిరిగి కనుక్కున్నారట. మీ వాళ్లది ఎక్కడని నన్నడిగారు. ముత్తాత మల్లయ్య తెల్లాపూర్‌లో జొన్న, కంది పండించాడనీ, ఆయన్ను చేనులోనే పూడ్చారనీ విన్నాను, అంతే. ఆ సమాధిని చూసినవాళ్లలో మిగిలింది మా మేనత్త లక్ష్మమ్మ ఒక్కతే. మోకాళ్లు పూర్తిగా పట్టేయకముందే తాత దగ్గర ఒక్కసారి దీపం పెట్టాలన్నది ఆమె కోరిక.

శనివారం ఉదయం ఎనిమిదింటికి బాచుపల్లిలో క్యాబ్ ఎక్కాం. మియాపూర్, చందానగర్ మీదుగా గంట పట్టింది, నాలుగు వందల ఇరవై అయింది. "పెద్ద గుండు కాడ ఆపు బిడ్డా" అంది అత్తమ్మ. మ్యాపులో గుండు లేదమ్మా అని డ్రైవర్ నవ్వాడు. చివరికి ఒక ప్రహరీ లోపల, అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య కనిపించిన బండను చూసి ఆమే కారు ఆపించింది. గుండు చూస్తామంటే సెక్యూరిటీ ఒప్పుకోలేదు. అక్కడి అమ్మవారి గుడికైతే, దాన్ని చూసుకునే మేడంకు ఫోన్ చేస్తానన్నాడు. సరేనన్నాం.

గుండుకు పడమటి పక్కన, సమాధి ఉండాల్సిన చోటే ఉంది ఆ గుడి. పసుపు పూసిన రాయికి ఎర్రంచు పచ్చ చీర, వెండి కళ్లు, ముక్కుపుడక. అత్తమ్మ వంగి, రాయి ముందున్న దీపపు గుంటను వేలితో తడిమింది. వాళ్ల నాయన ఉలితో తొలిచిన గుంట అది.

"ఇది మా తాతే" అంది.

మా ఇంటి పెద్దాయనకు ముక్కుపుడక!

అత్తమ్మ సంచిలోంచి జొన్నరొట్టె, కల్లు సీసా తీసింది. మా పెద్దలకు పెట్టేవి అవే. గుడి చూసుకునే పద్మగారు, భీమవరం ఆవిడ, గబగబా వచ్చారు.

"అమ్మవారి దగ్గర కల్లేంటండీ?"

"అమ్మవారు కాదమ్మా. మా తాత, మల్లయ్య."

ఆవిడ మెట్టు మీద కూర్చుని, గుడి ఎలా వచ్చిందో చెప్పారు. నేల చదును చేసినప్పుడు మిషను డ్రైవర్ దీపపు గుంట చూసి భయపడి ఈ రాయిని వదిలేశాడట. వాచ్‌మన్లు పసుపు పూశారు, ఫ్లాట్లవాళ్లు గుడి కట్టారు. నాలుగేళ్లు వచ్చినా మాటలు రాని తన పాప, ఇక్కడ మొక్కుకున్నాకే అమ్మా అన్నదట. ఆ చీర ఆ మొక్కుదే.

"మరి నా మొర విన్నదెవరండీ?" అన్నారు.

అత్తమ్మ చీర అంచును సర్దింది. "ఆయనే విన్నడు. వాకిట్లకొచ్చి అడిగినోళ్లను ఉత్తచేతుల పంపినోడు కాదు. చీర ఉండనియ్యి తల్లీ. జర నా రొట్టె గూడ ఉండనియ్యి."

పద్మగారే నూనె తెచ్చి గుంటలో పోశారు. అత్తమ్మ దీపం వెలిగించింది. కల్లు ధార పోస్తున్నంతసేపూ ఆవిడ అటు తిరిగి నిలబడ్డారు.

ఆ చీర తీయించాల్సిందేనని మా తమ్ముడు ఫోన్లో గొడవ చేస్తున్నాడు. నేను అత్తమ్మ పక్షమే. మేమెవరం వెళ్లని ఇన్నేళ్లూ ఆయనకు నీళ్లు పోసి దండ వేసింది, ఆయన పేరు కూడా తెలియనివాళ్లు. అయినా ఆ వెండి కళ్లు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇలా వెళ్లాలనుకునేవారు అక్కడ ఉండేవాళ్లలో ఒకరితో ముందే మాట్లాడి గేటు దగ్గర అనుమతి పెట్టించుకోండి. మీ పెద్దలకు ఏం పెట్టబోతున్నారో కూడా అప్పుడే చెప్పేయండి.