కంచెకాడి కేక

కొత్తకోట దాటి బెంగుళూరు వైపు సాగే రహదారి పక్కన, ఒకప్పుడు జొన్న తప్ప మరొకటి ఎరుగని ఎర్రచెలకల్లో, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన కొన్నేండ్లకు ఒక వినోదాల పార్కు వెలిసింది. అందులో అన్నిటికన్న ఎత్తైనది, అన్నిటికన్న పెద్దగా మొత్తుకునేది రోలర్ కోస్టర్. దానిపై కూర్చుండి గాలిలో తలకిందులయ్యే వారిని లోకమంతా చూస్తుంది గాని, దాని కింద నిలబడి నేలను కాచే మనిషిని చూసేవారు అరుదు. ఆ మనిషి జంగమ్మ.

ఆ నేల ఆమెకు కొత్తది కాదు. పార్కు రాకముందు అక్కడే ఆమె, ఆమె పెనిమిటి చెన్నయ్య జొన్న వేసేవారు. కంకి పాలు పోసుకునే రోజుల్లో జంగమ్మ మంచె ఎక్కి, రాళ్ళు విసిరే వడిసెల తిప్పుతూ కేక పెడితే, ఆమె చేనిలోని చిలుకలే గాక పక్క ఊరి చేలలోని చిలుకలు కూడా లేచిపోయేవని చెప్పుకునేవారు. ‘మా చేన్లకు కావలి వద్దు, జంగమ్మ గొంతు చాలు’ అని ఇరుగుపొరుగు రైతులు పరాచికమాడేవారు. చేను పోయింది, మంచె పోయింది; గొంతు మిగిలింది. ఆ గొంతే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

రోలర్ కోస్టర్ చుట్టూ ఛాతీ ఎత్తు ఇనుప కంచె ఉంది. పనివారు పోవడానికి ఒకటే చిన్న గేటు. గేటు పక్కన రేకుల నీడలో జంగమ్మ స్టూలు. స్టూలు పక్కన కంబానికి ఒక ఎర్ర బటను. చీర మీద పార్కు వారిచ్చిన నీలి కోటు, నెత్తిన టోపీ ధరించి ఆమె అక్కడ కూర్చుండేది. పైనుండి ఏవేవో రాలేవి: టోపీలు, ఫోన్లు, కండ్లద్దాలు, ఒకసారి ఒక పెద్దమనిషి కట్టుడు పండ్లు కూడా రాలాయి. పోగొట్టుకున్నవారు దిగీ దిగగానే కంచె దగ్గరికి పరుగెత్తుకు వచ్చేవారు. పడిన వస్తువు కండ్ల ముందర గడ్డిలో మెరుస్తూ ఉంటుంది. నాలుగు అడుగులు వేస్తే చేతికందుతుంది. మనిషికి అంతకన్న పెద్ద ఉచ్చు లేదు. ఏలననగా, ఆ గడ్డి మీదుగానే ఒకచోట పట్టాలు మనిషి భుజాల ఎత్తుకు దిగి, మళ్ళీ పైకి లేస్తాయి.

బండిని నడిపే శివకుమార్ ఆమె చేరిన తొలినాడే ఆ చోటు చూపించి చెప్పాడు: “జంగమ్మక్కా, ఎక్కుతున్నప్పుడు నువ్వు బటను నొక్కితె బండి ఆగుతది. శిఖరం దాటినంక నా మాట వినదు, దేవుని మాట గూడ వినదు. కింద ఉన్న మనిషే వినాలె. వినిపించుడు నీ పని.”

ఆమె వినిపించేది. కంచె మీద కాలు పెట్టినవాడు ఏ ఊరివాడైనా, ఏ కొలువువాడైనా “ఒరేయ్, దిగు” అనే కేక పడేది. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. మేనేజరు శ్రీదేవి మర్యాద తెలిసిన మనిషి. జంగమ్మను పిలిపించి మెల్లగా చెప్పింది.

“వచ్చినవాళ్ళు మన అతిథులు జంగమ్మా. ఒరేయ్ అనకూడదు.”

“మరేమనాలె మేడం?”

“సార్, దయచేసి ఇవతలికి రండి అనాలి.”

జంగమ్మ చీపురుకట్టనే సారనుకొని, దాని ముందర నిలబడి ఆ మాట నేర్చుకున్నది. మరునాడు తిరిగి వచ్చింది. “మేడం, మాట మంచిగనే ఉన్నది. కాని ‘సార్’ అనేసరికి బండి శిఖరమెక్కుతది. ‘దయచేసి’ అనేసరికి దిగుతది. ‘ఇవతలికి రండి’ అనేటందుకు ఇగ మనిషి మిగలడు.”

శ్రీదేవికి నవ్వాగలేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: కంచెకు ఇవతల ఉన్నవారిని సార్ అనాలి, అవతలికి పోయినవారిని ఏమన్నా అనవచ్చు.

ఇంతటి నోరుగల జంగమ్మ ఒక్క మనిషి ముందర మాత్రం మూగది. అతడు ఆమె అల్లుడు కమలాకర్. వారి ఇండ్లల్లో అత్త అల్లునితో ఎదురుగా మాట్లాడదు, పేరెత్తదు. కొంగు ముందుకు లాక్కొని, చెప్పవలసినది బిడ్డ ద్వారానో, గోడ వంక చూస్తూనో చెప్పుతుంది. అది భయం కాదు, గౌరవం. ఆ గౌరవమే ఒకసారి కొంప ముంచింది.

జంగమ్మ అన్న కొడుకు పెండ్లి. భోజనాలవేళ అల్లుణ్ణి చేయిపట్టి విస్తరి దగ్గరికి పిలుచుకుపోవాలి. కమలాకర్ షామియానా అంచున, ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడి ఉన్నాడు. వంటల దగ్గరి నుండి జంగమ్మ చూసింది. పిలవడానికి ఆమె నోరు లేవదు. పోయి పిలువుమని ఒక కుర్రవాణ్ణి పంపింది. వాడు నడుమ బ్యాండు వారి దగ్గర ఆగి, పంపిన సంగతే మరిచాడు. పంక్తులు లేచాయి. కమలాకర్ తినకుండానే మోటారుసైకిలెక్కి తన ఊరు పానగల్‌కు వెళ్ళిపోయాడు. ఆ తరువాత అత్తగారి గడప తొక్కలేదు. పండుగలకు కూతురు స్వరూప ఒక్కతే పిల్లను తీసుకొని వచ్చేది, మరునాడే పోయేది. “ఒక్క పిలుపుకు నోచుకోలేదే నా అల్లుడు” అని జంగమ్మ చెన్నయ్యతో అనని దినం లేదు. “నీ గొంతు చిలుకలకే పనికొచ్చె” అని చెన్నయ్య దెప్పేవాడు.

ఆ అలకను మనుమరాలు అనూహ్య తీర్చింది. అవ్వ పనిచేసే పార్కు చూపించుమని ఆ పిల్ల వేసవి సెలవుల్లో మారాం చేయగా, కమలాకర్ తాను పనిచేసే దుకాణం సేఠు కారును ఒక పూటకు అడిగి తీసుకొని, భార్యాబిడ్డలతో వచ్చాడు. ఆ ఆదివారం వారు నడిచి వస్తుంటే చూసి, జంగమ్మ లేచి నిలబడి, నెత్తిమీది టోపీ పైనుండే కొంగు కప్పుకున్నది.

“అవ్వా, గిదేం వేషం?” అన్నది అనూహ్య.

“నోర్ముయ్యవే. మీ బాపును నీడకు కూసోమను.”

కమలాకర్ చిరునవ్వు దాచుకుంటూ తల ఊపాడు. అంత మాత్రానికే జంగమ్మ కడుపు నిండింది. మధ్యాహ్నం అందరూ కలిసి తినాలని జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు టిఫినులో కట్టుకొని వచ్చింది. ఇంక ఏ తప్పూ దొర్లకుండా పూట గడవాలని మైసమ్మకు మొక్కుకున్నది.

అనూహ్య ఎత్తు చాలలేదు, స్వరూప గుండె చాలలేదు. కమలాకర్ ఒక్కడే బండెక్కాడు. జేబులోని వస్తువులన్నీ పెట్టెలో వేయమని ఎక్కేచోట చెప్పినప్పుడు ఫోను, పర్సు వేశాడు. కారు తాళంచెవి ఎంతదిలే అని అంగీ జేబులోనే ఉంచాడు. బండి తలకిందులైనచోట అది జారి, పట్టాలు కిందికి దిగే గడ్డిలో పడింది. జంగమ్మ దాని మెరుపు చూసింది గాని, ఎవరిదో తెలియలేదు.

కొంతసేపటికి అతడే కంచె దగ్గరికి వచ్చాడు. మొగమంతా చెమట.

“స్వరూపా, కారు తాళం లోపల పడ్డది. మీ అమ్మను గేటు తియ్యమను.”

జంగమ్మ నేలచూపుతో అన్నది: “స్వరూపా, మధ్యాహ్నం బండి ఆపుతరు. జర ఆగమను బిడ్డా. ఆపినంక నేనే తెచ్చిస్త.”

“సేఠు కారు, తాళం పోయిందంటె నా పరువు పోతది. అగో, కనవడుతనే ఉన్నది. అందుకొని వస్త.”

“ఆగమనవే.”

“బాపూ, అవ్వ ఆగమంటాంది” అన్నది అనూహ్య.

“విన్న బిడ్డా. అత్త కావలున్న చేన్ల అల్లునికి అడ్డేంది?” అని నవ్వుతూ, అతడు గేటుకు కొంత ఎడంగా పోయి, కంచె మీద చేతులానించి ఎగిరి అవతలికి దూకాడు.

జంగమ్మ చేయి బటను మీద పడింది. ఆ క్షణానికే బండి శిఖరం దాటింది. కమలాకర్‌కు అది కనబడలేదు. అతడు గడ్డిలోకి వంగి తాళంచెవి తడుముతున్నాడు. నెత్తిమీదనే పట్టాలు. వంగినంతసేపు బతుకు, నిలువునా లేస్తే లేదు. మోత విని అతడు లేవబోయాడు.

మంచె మీద కూడా ఆమె అటువంటి కేక పెట్టి ఎరుగదు.

“ఒరేయ్ కమలాకరూ! లేవకు, పండు!”

అతడు బోర్లా పడిపోయాడు. బండి అతని మీదుగా గాలిని చీల్చుకుంటూ పోయింది. అందులోనివారి కేకలు కంచె నిండా పరుచుకొని దూరమయ్యాయి.

“అట్లనే పండు. నేను లెమ్మనేదాక మెదిలితె సంపుత, గాడిద కొడకా.”

ఎక్కేచోట నుండి శివకుమార్, వెనుక వచ్చే రెండవ బండిని కూడా ఆపివేశానని రెండు చేతులూ ఊపి చూపించాడు. అప్పుడు గాని ఆమె “ఇగ లే” అనలేదు. పరుగెత్తి వచ్చిన శ్రీదేవి కంచె మీదుగా వంగి, “సార్, దయచేసి ఇవతలికి రండి” అన్నది.

అతడు వచ్చాడు. అంగీ నిండా మన్ను. ఎవరివంకా చూడక, రేకుల నీడలోని అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు జంగమ్మకు తెలివి వచ్చింది. పేరెత్తింది. ఒరేయ్ అన్నది. గాడిద అన్నది, గాడిదతో ఆగక, అతణ్ణి కన్నవారిని కూడా కలిపింది. కొంగు ఎప్పుడో జారింది, టోపీ నేలమీద ఉంది. రెండూ తీసి సర్దుకున్నది.

స్వరూప చేరవచ్చి కండ్లు తుడుచుకుంటూ అన్నది: “పిలువలేదనే అన్నేండ్లు అలిగిండు. ఇప్పుడు గింతమంది ముందర తిడితివి. ఇగ ఈ జన్మకు రాడమ్మా.”

“రాకపోనీ బిడ్డా. అలిగేటందుకు మనిషైతె ఉండాలె గదా.”

అన్నది జంగమ్మ, గేటు వైపు తిరుగుతూ.

బండి పూర్తిగా ఆగాక శివకుమార్ యంత్రానికి తాళం వేసి, ఆ తాళంచెవిని తన జేబులో వేసుకొని, జంగమ్మను వెంటబెట్టుకొని గేటు తీశాడు. గడ్డిలో కారు తాళంచెవి దొరికింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి అనూహ్య చేతికిచ్చింది.

“మీ బాపుకియ్యి.”

కమలాకర్ తాళంచెవిని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తరువాత దూరంగా రహదారి వంక చూస్తూ అన్నాడు: “అనూహ్యా, మీ అవ్వను ఒక మాట అడుగు. ఆ పెండ్లినాడు గింత గొంతు యాడికి వాయెనని. అప్పుడు గిట్ల ఒక్క కేక పెడితె తిని పోదును గదా.”

జంగమ్మ రేకుల కప్పు వంక చూస్తూ జవాబిచ్చింది: “చెప్పవే మీ బాపుకు. ఆనాడు బండి మీదికొస్తలేదు గదా, అందుకే నోరు లేవలేదని.”

“మీకిద్దరికి ఇనవడుతనే ఉన్నది గదా, నడుమ నేనెందుకు?” అన్నది అనూహ్య విసుగ్గా.

స్వరూప ఏడుపు నడుమనే నవ్వింది. జంగమ్మ స్టూలు కింది టిఫిను తీసి, మూత విప్పి అరుగు మీద పెట్టింది. జొన్నరొట్టెల వాసన లేచింది. ఆమె కొంగు నుదుటి దాకా లాక్కొని, మొగం పక్కకు తిప్పుకొని, కేకలు తప్ప ఎరుగని ఆ గొంతును ఎంత మెత్తగా చేయవచ్చునో అంత మెత్తగా చేసి పిలిచింది.

“కమలాకరూ, రా బిడ్డా, తిను.”

అతడు లేచి వచ్చి తినడం మొదలుపెట్టాడు. తొక్కు కారంగా ఉందన్నాడు, మళ్ళీ వేయించుకున్నాడు. తనిఖీలన్నీ ముగించి శివకుమార్ బండిని తిరిగి కదిలించేసరికి, ఎవడో యువకుడు రాలిన టోపీ కోసం వచ్చి కంచె మీద కాలు పెట్టబోయాడు. జంగమ్మ లేచేలోపలే, నోట్లో రొట్టె ఉండగానే, కమలాకర్ గద్దించాడు: “ఒరేయ్, దిగు.”

యువకుడు దిగ్గున దిగాడు. జంగమ్మ కొంగు సవరించుకొని మనుమరాలి చెవి దగ్గర, అల్లునికి వినబడేటంత గట్టిగా చెప్పింది.

“మీ బాపుకు చెప్పవే. కంచెకు ఇవతలున్నోళ్ళను సార్ అనాలె.”