పూత లేని పొగపొయ్యి

తళతళ బాబాయి ఇల్లు కనుక్కోవడానికి ఎవరికీ చిరునామా అక్కర్లేదు. ఎండ పడితే చాలు, ఆ ఇంటి గేటు గొళ్లెం కళ్లలో పొడుస్తుంది. బాబాయిది లోహాలకు పూత వేసే పని. నల్లగా తొట్టిలోకి దిగిన బోల్టు ఆయన చేతిలో పెళ్లికొడుకులా పైకి వస్తుంది. ఇంట్లో కిటికీ ఊచలకు, చెప్పుల స్టాండుకు, ఆఖరికి ఎలుకల బోనుకు కూడా మెరుగు పెట్టేశాడు. "ఎలుకలు ముఖం చూసుకుని మరీ పడుతున్నాయి," అంటుంది ఆయన భార్య.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి పొగపొయ్యి పిచ్చి పట్టుకుంది. మాంసాన్ని మంట మీద కాల్చకుండా, కట్టెల పొగలో గంటల తరబడి నెమ్మదిగా మగ్గబెట్టే ఇనుప పొయ్యి అది. ఆ పిచ్చి అంటించినవాడు వియ్యంకుడు. ఆయనకు పక్క వీధిలో వెల్డింగు షాపు ఉంది. ఓ రోజు భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, "మీవన్నీ పైపై సోకులే బావగారూ! ఒక వస్తువు మొదటినుంచీ చివరిదాకా చేసిన పాపాన పోయారా?" అనేశాడు.

"వచ్చే ఆదివారం మా డాబా మీదికి రండి. పొగపొయ్యి చేసి, అందులో కోడి వండి మీకే పెడతాను."

"తిన్నాక లేచి నిలబడగలిగితే, మీరు పనిమంతులని వీధంతా వినేలా చెబుతాను."

ఇక బాబాయికి కంటిమీద కునుకు లేదు. ఇనుము ఏరడం మొదలుపెట్టాడు. పాత సామాన్ల కొట్టతను రసాయనాల డ్రమ్ము తెస్తే గుమ్మంలోంచే తిప్పి పంపాడు. పాత ఫ్రిజ్‌లోని కడ్డీల అర తెస్తే ముక్కు చిట్లించాడు. "దీనికి కాడ్మియం పూత ఉండొచ్చు. వేడి తగిలితే విషం." అల్యూమినియం పళ్లెం నిప్పుల కింద మెత్తబడి కూలబడుతుందన్నాడు. ఇత్తడి గొట్టం చూసి, "అతుకుల్లో సీసం ఉందో లేదో ఎవడు చూశాడు?" అన్నాడు.

"బాబాయ్, నువ్వు పొయ్యి చేస్తున్నావా, పిల్లకి సంబంధం చూస్తున్నావా?" అని కొట్టతను తల పట్టుకున్నాడు.

చివరికి ఏ రంగూ, ఏ పూతా లేని మందపాటి ఇనుప గొట్టం ఒకటి దొరికింది. నిలబెడితే నడుము దాకా వస్తుంది. దానికి తగ్గట్టు ఉత్త ఇనుప ఊచలు, రేకు కూడా దొరికాయి. బాబాయి ఆ ఊచలను జాలీగా, రేకును మూతగా, నిప్పుల బుట్టగా మలిచి బోల్టులు బిగించాడు.

ఆదివారం పొద్దున్నే కూతురు పిల్లలతో వచ్చింది. బాబాయి డాబా మీద పొయ్యికి కప్పిన దుప్పటి ఇంద్రజాలికుడిలా లాగేశాడు. మూత మెరిసింది. జాలీ మెరిసింది. బుట్టయితే మరీ మెరిసింది.

"అబ్బ, భలే ఉంది నాన్నా! మరి గొట్టం ఒక్కటీ నల్లగా ఉందేం?"

"అది తొట్టిలో పట్టలేదు తల్లీ. మిగతావి చూడు! నిండుగా జింకు పూత, ఎక్కడా..."

తన మాట తన చెవినే పడగానే బాబాయి గబగబా దుప్పటి మళ్లీ కప్పేశాడు.

ఏ ఇనుప ముక్క తగిలినా ఆయన చేతులు దాన్ని కొక్కేనికి తగిలించి తొట్టిలో ముంచుతాయి. అన్నేళ్ల అలవాటు అది, ఆయన్ని అడిగి చేసే పని కాదు. ఊరందరి ఇనుమునూ వంకలుపెట్టి వెనక్కి పంపిన మనిషి, తన షాపులోనే, హాయిగా ఈల వేసుకుంటూ, నిప్పు తగిలే ప్రతి ముక్కకూ జింకు పట్టించాడు! జింకు కాలితే వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుందని ఆయనకు తెలియక కాదు. ఓసారి వియ్యంకుడు జింకు గొట్టం వెల్డింగు చేసి రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతుంటే, మంచం పక్కన కూర్చుని పూటంతా పాఠం చెప్పింది ఈయనే.

"మళ్లీ తొట్టిలో వేసి పూత తీసెయ్యి నాన్నా."

"తీయొచ్చు. మడతల్లో, బోల్టుల సందుల్లో ఎంత మిగిలిందో నాకెలా తెలుస్తుంది? పిల్లలు తినేదమ్మా."

"పోనీ కోడిని కుక్కర్లో పెట్టేయనా?" అంది భార్య.

"నన్ను కూడా అందులోనే పెట్టి మూత బిగించెయ్!"

"ఆ చిందులేవో మీ బావగారి షాపులో తొక్కండి. అక్కడ బోలెడు ఇనుముంది."

బాబాయి ఉసూరుమంటూ వెళ్లాడు. వియ్యంకుడు షాపు ముందు టీ తాగుతున్నాడు.

"కొంచెం ఇనుము కావాలి బావగారూ."

"పూత ఉన్నదా, లేనిదా?"

"లేనిది," అన్నాడు బాబాయి నేల చూస్తూ.

సంగతి అర్థమయ్యాక వియ్యంకుడు నవ్విన నవ్వుకు టీ సగం చొక్కా తాగింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, వెల్డింగు ముసుగు అందుకున్నాడు. "చేతులు వెనక్కి కట్టుకోండి. మీరు ముట్టుకుంటే మెరిసిపోతుంది."

ఉత్త ఇనుముతో బుట్ట, మూత తయారయ్యాయి. కోడి ఆనే జాలీకి స్టెయిన్‌లెస్ ఊచలు కోశాడు. వాటిని చూడగానే బాబాయి ప్రాణం లేచొచ్చింది.

"ఇవి మెరుస్తున్నాయే!"

"పూత కాదండీ, పుట్టుకే అంత. ఇప్పుడు తృప్తిగా నిమరండి."

పొయ్యిని ముందు ఖాళీగా మండించి, కొత్త ఇనుము మీది నూనె జిడ్డు మాడ్చేశారు. ఆ తరవాతే కోడి లోపలికి వెళ్లింది. మధ్యాహ్న భోజనానికి పిలిచినవాళ్లు ఎండ వాలేదాకా డాబా మీద కడుపులు పట్టుకుని కూర్చున్నారు. మూత తీసేసరికి అందరి చేతులూ ఒక్కసారే కోడి మీద పడ్డాయి.

వియ్యంకుడు ఒక కాలు ముగించి, రెండోది ముగించి, లేచి నిలబడ్డాడు. పిట్టగోడ పట్టుకుని వీధిలోకి అరిచాడు. "మా బావగారు పనిమంతులండోయ్!" బాబాయి ఛాతీ ఉబ్బేలోపే వెనక్కి తిరిగాడు. "కానీ బుట్ట నాది, మూత నాది, జాలీ నాది. పొయ్యి మా ఇంటికే."

"గొట్టం ఎవరిదో?"

"అది తొడుగే కదా!"

"తొడుగు లేకుండా తీసుకెళ్లండి చూద్దాం, చొక్కా లేనివాడిలా!"

ఇద్దరూ పొయ్యికి చెరోవైపు నిలబడ్డారు. ఎత్తుదామంటే ఒళ్లు చుర్రుమనే వేడి. "చల్లారనివ్వండి, తీసుకుపోకపోతే అడగండి," అన్నాడు వియ్యంకుడు కుర్చీ లాక్కుంటూ.

"అలాగే," అన్నాడు బాబాయి ఎంతో మర్యాదగా, బుట్టలోకి ఇంకో కట్టె తోస్తూ. "ఈలోగా ఇంకో కోడి వేద్దామా బావగారూ?"