పటేల్ కారుకు పట్టిన దగ్గు

ఆ రోజుల్లో మా కోరుట్లలో మనిషిని అనుమానించడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కొత్త సంచీ కొన్నా, ఉన్నట్టుండి మీసం కత్తిరించుకున్నా, హైదరాబాద్ వెళ్లి మర్నాడు తిరిగొచ్చినా చాలు, "ఎప్పుడు పోతున్నవ్?" అని అడిగేవాళ్లు. ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్లు కాదు. పోతే దుబాయే, కాకపోతే దాని పక్కనున్న ఇంకో ఎడారి. వానలు మొహం చాటేసి, బోర్లు ఎండిపోయి, పనిచేసే చేతులన్నీ ఒక్కొక్కటిగా ఊరు దాటుతున్న కాలం అది. మిగిలినవాళ్లం ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ, తర్వాత ఎవరి వంతో అనుకుంటూ బతికేవాళ్లం. అలాంటి కాలంలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అనుమానాలు మోసింది ఒక పాత కారు. దాని తర్వాతి స్థానం నాది.

మాది కథలాపూర్ పక్కన పల్లె. మా నాయన తాడిచెట్లు ఎక్కి కల్లు తీసేవాడు. నేనేమో సగం చెట్టు ఎక్కి, ఒకసారి కిందికి చూసి, కళ్లు మూసుకుని చెట్టును కౌగిలించుకుని అక్కడే ఉండిపోయే రకం (నన్ను దించడానికి నాయన మళ్లీ ఎక్కాల్సి వచ్చేది). నేల విడవని పని ఏదైనా చూసుకుందామని డ్రైవింగ్ నేర్చుకున్నాను. దుబాయ్‌లో డ్రైవర్లకు మంచి గిరాకీ అని అందరూ అంటుంటే నేనూ పోతానని మొదలుపెట్టాను. అక్కడికి పోవాలంటే విమానం ఎక్కాలన్న సంగతి అప్పటికి నా బుర్రకు తట్టలేదు. నా కోరికను నేనేం దాచుకోలేదు. పొద్దున చాయ్ తాగుతూ చెప్పేవాణ్ణి, రాత్రి అన్నం తింటూ చెప్పేవాణ్ణి. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

కోరుట్లలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావ, అంటే మా అక్క భర్త, దుబాయ్‌లో ఏళ్ల తరబడి బిల్డింగులకు చెక్కలు కొట్టే పని చేసి, కంపెనీ మూతపడితే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వచ్చినప్పటినుంచి ఆయనకు ప్రపంచంలో ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయింది. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని, గడియారం కావాలనే మెల్లగా తిరుగుతోందని, చివరికి మా ఇంటి పిల్లి కూడా పక్కింట్లో ఎక్కువ తింటోందని అనుమానం. అలాంటి మనిషి ఒకరోజు హైదరాబాద్ వెళ్లి, ఎవరో వాడి వదిలేసిన పెద్ద తెల్ల కారు కొని, కిరాయి డ్రైవర్‌తో ఇంటికి పట్టుకొచ్చాడు. కంపెనీ పేరు చెప్పను గానీ, ఆ కారెక్కినవాళ్లు కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోలేరు. పెళ్లికొడుకుల కోసం దాన్ని కిరాయికి తిప్పాలని ఆలోచన. డ్రైవర్ని నేను.

"బామ్మర్దీ, పెండ్లిళ్లు అయిపోయేదాక బండి సక్కగ నడుపు," అన్నాడు బావ. "మా పాత సాబు గిప్పుడు ఇంకో కంపెనీల ఉన్నడు, ఆయనకు చెప్పి నీకు డ్రైవర్ వీసా ఇప్పిస్త. బండికి చిన్న గీత వడ్డా, నడుపుడు రాదన్న మాట వచ్చినా, నిన్ను నేను పంప."

నా భవిష్యత్తంతా ఆ కారు యాక్సిలేటర్ కింద ఉందన్న మాట.

మొదటి వారం కారు వెన్నలా నడిచింది. ఆనవాయితీ ప్రకారం కొండగట్టు గుడికి తీసుకెళ్లి, బానెట్ ఎత్తి పూజ చేయించాం. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ పద్ధతిగా జరిగాయి. మేం ప్రసాదం దగ్గర కోతులతో గొడవపడుతుంటే, అక్క ఎర్రగుడ్డలో ఏదో మూటగట్టి ఇంజన్ పక్కన ఒక గొట్టానికి కట్టింది. "ఏందక్కా గది?" అంటే, "ముడుపు. ఎందుకని అడగద్దు, తీరినంక చెప్త," అంది. ముడుపు గురించి ఎవరు మాత్రం గుచ్చి అడుగుతారు? అందరం దండం పెట్టుకుని కారెక్కాం.

తిరుగు దారిలోనే మొదలైంది. మెల్లగా పోతే ఏ బాధా లేదు. లారీని దాటుదామని కాలు గట్టిగా నొక్కితే మాత్రం కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఖళ్లుమని దగ్గి, వద్దా పోదామా అని ఆలోచించి, అప్పుడు కదిలేది. అప్పటికి లారీ మెట్‌పల్లి చేరేది. లెమ్మంటే లేవకుండా మీసం సర్దుకుని, గొంతు సవరించుకుని, ఎవరొచ్చారో చూసి లేచే పెద్దమనిషిలా ఉందని వాడకట్టులో దానికి పటేల్ అని పేరు పెట్టారు. బావ మాత్రం కారు వైపు చూడలేదు. నా కాలి వైపు చూశాడు.

"గుడికాడికి పోయేటప్పుడు మంచిగనే ఉండె. వచ్చేటప్పుడు ఏం జేసినవ్ నువ్వు?"

"నేనేం జేస్త బావా? నొక్కిన, గంతే."

"ఎట్ల నొక్కినవ్?"

యాక్సిలేటర్‌ను ఎన్ని రకాలుగా నొక్కవచ్చో నాకు తెలియదు. ఆ రోజు నుంచి బావ పక్క సీట్లో కూర్చుని, రోడ్డు వదిలేసి నా కుడికాలినే చూసేవాడు. ఆయన చూస్తున్నాడంటే నా కాలు నిజంగానే వణికేది. తర్వాత నేను పెట్రోల్ తీసి అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నానని అనుమానం వచ్చింది. అక్క ఉతకడానికి వేసిన నా చొక్కాలను ఆయన వాసన చూస్తుంటే నేను కళ్లారా చూశాను. నాకేం తక్కువ అనుమానాలా? ఇది ఎక్కడో గుద్దుకున్న బండి అయి ఉంటుందని, బావను హైదరాబాద్‌లో ఎవడో ముంచాడని, ఆ సంగతి దాచడానికే నా మీద పడుతున్నాడని నా లోపల నేను కేసు నడిపేవాణ్ణి.

కోరుట్ల మెకానిక్ ప్లగ్గులన్నాడు. కొత్త ప్లగ్గులు వేశాడు. దగ్గు తగ్గలేదు. జగిత్యాల ఉస్తాద్ ఆ ప్లగ్గులు చూసి, "ఎవడేసిండు గివి?" అని కోరుట్ల మెకానిక్‌ను అనుమానించి, పెట్రోల్ ఫిల్టర్ మార్చాడు. అదీ లాభం లేకపోయింది. విచిత్రమేమిటంటే షెడ్డులో నిలబెట్టి ఎంత నొక్కినా పటేల్ ఒక్కసారి కూడా దగ్గేవాడు కాదు. రోడ్డెక్కి నాలుగు గుంతలు దాటాక మొదలుపెట్టేవాడు. దాంతో బావకు నా మీద అనుమానం ఇంకా గట్టిపడింది. ఎందుకంటే షెడ్డులో నొక్కింది మెకానిక్, రోడ్డు మీద నొక్కింది నేను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్ కూడా మొదట చేసిన పని ఒకటే. ముడుపును చూడగానే చేతులు తుడుచుకుని దండం పెట్టి, గ్రీజు అంటకుండా ఆ ఎర్రగుడ్డ కొసను ఎత్తి పైన భద్రంగా పెట్టి, అప్పుడు పానా పట్టుకునేవాళ్లు. జగిత్యాల ఉస్తాద్ అయితే, "మీ దేవునిది, నేను ముట్టుడు మంచిది కాదు. నువ్వే పక్కకు వెట్టు," అని నాతోనే పెట్టించాడు. ఇంజన్‌లో ఉన్న ప్రతి వస్తువునూ అనుమానించారు గానీ, ఆ గుడ్డ వైపు మాత్రం భక్తిగానే చూశారు. ఇంటికి తిరిగొచ్చి బాగుకాలేదని చెబితే అక్క నిట్టూర్చి, దిష్టి ఎక్కువైందని ఆ ముడుపుకే ఇంకో ఎర్రపేలిక కట్టేది. దగ్గు మరి కాస్త ముదిరేది.

పరువు పోయింది సిరిసిల్లలో. అక్కడ ఒక నేతకార్మికుల ఇంట్లో పెళ్లి. ఆ వీధిలో సగం సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి ఉన్నాయి. చప్పుడు లేని సిరిసిల్ల వీధిలో నడవడం అదే మొదటిసారి, ఏదోలా అనిపించింది. పెళ్లికొడుకు కూడా సాంచాలు అమ్ముకుని, పెళ్లయ్యాక దుబాయ్ పోతాడని అనుకుంటున్నారు. ఊరేగింపంతా పటేల్ హుందాగా నడిచాడు. చివర్లో పెళ్లికూతురి ఇంటి ముందు చిన్న ఎత్తు వచ్చింది. నొక్కాను. దగ్గి ఆగాడు. మళ్లీ నొక్కాను. దగ్గి, కాస్త వెనక్కి జారాడు. బ్యాండు మేళం ఆగింది. అరుగు మీద కూర్చున్న పెళ్లికూతురి అమ్మమ్మ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

"బండి ఎనుకకు గుంజుతుందేంది? పిల్లగానికి మనసున వట్టిందా లేదా? ఒక్కసారి దిగి చెప్పమను."

"బండిది గుణం గట్లనే అమ్మా," అన్నాను.

"నువ్వాగు బిడ్డా. నేను పిల్లగాన్ని అడుగుతున్న."

పాపం ఆ అబ్బాయి తలపాగాతో సహా దిగి, నలుగురిలో చెమటలు తుడుచుకుంటూ, "పిల్ల నచ్చింది, నాకిష్టమే," అని చెప్పి, మిగతా దూరం నడిచి వెళ్లాడు. మేం కారును తోసుకుంటూ వెళ్లాం. దారంతా బావ నా కాలినే చూశాడు. ఇంటికొచ్చాక, "నీకు వీసా లేదు, ఏం లేదు," అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందని నిజంగానే ఏడ్చాను.

మళ్లీ పూజ చేయిస్తే బాగవుతుందని అక్క పట్టుబట్టి, అందరం కొండగట్టు బయలుదేరాం. గుట్ట ఎక్కే దారిలో మలుపు దగ్గర పటేల్ ఇక కదలనన్నాడు. బావ కోపంగా నన్ను దింపి, "బానెట్ ఎత్తి చూడు. నేను నొక్కుత. నీ కాలుదో, బండిదో గిప్పుడే తెలుస్తది," అని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేనూ అక్కా ఇంజన్ ముందు నిలబడ్డాం. ఈసారి గుడ్డను పైన పెట్టేందుకు మెకానిక్ ఎవరూ లేరు. బావ కసిగా నొక్కాడు. పేలికల మీద పేలికలు కట్టిన ఆ ఎర్రగుడ్డ కొస లేచి, గాలి పీల్చే గొట్టం మూతికి వెళ్లి అతుక్కుంది. ఇంజన్ ఖళ్లుమంది. బావ కాలు తీశాడు. గుడ్డ మెల్లగా కిందికి రాలింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అతుక్కుంది.

"అక్కా," అన్నాను. "మన పటేల్‌కు ఊపిరి ఆడుతలేదే. నీ ముడుపే."

చెయ్యి పెట్టబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది. "ముట్టకు. మొక్కు తీరందే అది విప్పేది లేదు."

బావ దిగొచ్చాడు. సంగతి విని, గుడ్డను చూసి, అక్కను చూసి, "ఏం మొక్కినవే? గింత నష్టం చేసే మొక్కు ఏంది?" అని అరిచాడు.

అక్క అరవలేదు. "నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చిననాడు నీ మోచేతికాడ ఉన్న సూది గుర్తు ఏంది? గది చెప్పు ముందు."

ఆ గుర్తు ఎప్పుడో మానిపోయినా, బావ చప్పున చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. కోరుట్లలో ఆ గుర్తు తెలియనివాళ్లు లేరు. దుబాయ్ పోయే ముందు మెడికల్ పరీక్షలో రక్తం తీసిన గుర్తు అది. కారు కొనడానికి హైదరాబాద్ వెళ్లినరోజే ఆ పని కూడా చేయించుకుని వచ్చాడు. మాకెవరికీ తెలియకుండా మళ్లీ పోవడానికి సిద్ధమయ్యాడు. మేమందరం కారును అనుమానిస్తుంటే, అక్క మాత్రం మొదటినుంచీ అనుమానించాల్సిన మనిషినే అనుమానించింది.

"మరి ముడుపు నాకు కట్టాలె గని కారుకు కట్టినవేంది?" అన్నాడు బావ నీరసంగా.

"పోతే గీ కారులనే గదా విమానం కాడికి పోతవ్. గందుకే, గీ బండి కదలద్దని మొక్కిన." అక్క ముడుపు మీద చెయ్యి వేసింది. "మొదటిసారి పోయినప్పుడు బిడ్డ నా కడుపుల ఉండె. నువ్వొచ్చేసరికి బడికి వోతుండె. నిన్ను చూసి ఎవరమ్మా అని అడిగింది. ఇంకోపాలి నాతోని గాదు."

బావ రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. ఆయన అంత చిన్నగా కనబడటం నేను ఎప్పుడూ చూడలేదు. "ఈడ నా చేతికి పని లేదు," అన్నాడు. "పొద్దంత నీ ముంగట ఉత్తగ కూసునుడు నాకు శరమైతుంది. గందుకే వోత అన్న." రోడ్డు పక్క పిట్టగోడ మీద కోతులు కూడా గొడవ ఆపి వింటున్నట్టు అనిపించింది. చొక్కా చెయ్యి మళ్లీ పైకి మడిచి, "పోను," అన్నాడు.

"ముడుపు విప్పేదాక పోనంటవ్, విప్పినంక పోతనంటవ్," అంది అక్క. "బండి మీద చెయ్యి వేసి చెప్పు."

బావ బానెట్ మీద చెయ్యి వేసి, చురుక్కుమని కాలడంతో వెంటనే తీసేశాడు. ఆ ఒట్టు చెల్లదంది అక్క. రెండోసారి పళ్లు బిగించి, "పోను, పోను, పోను," అని గబగబా అనేశాక గానీ అక్క ముడుపు విప్పలేదు. ఆ తర్వాత పటేల్ గుట్ట ఎక్కిన తీరు చూడాలి. బావ అరచెయ్యి ఊదుకుంటూ, నా కాలి వైపు చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "నీ కాలు మంచిదే బామ్మర్దీ," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని పటేల్‌ను తనే నడపడం మొదలుపెట్టాడు. సాబుకు చెప్పి నాకు వీసా తెప్పించాడు. పోయే ముందురోజు, బట్టలు సర్దుతున్న అక్కను నవ్వుతూనే అడిగాను, "బావకు ముడుపు కట్టినవ్ గని, నాకు కట్టలేదేంది అక్కా?"

అక్క చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "నువ్వు రోజు పోత పోత అంటుంటివి గదరా తమ్మీ. నిజంగ పోతవని నాకు అనుమానమే రాలె."

తెల్లవారి బయలుదేరే ముందు, ఎవరూ చూడకుండా నేనే బానెట్ ఎత్తి చూశాను. లోపల ఏమీ లేదు. బావ కాలు నొక్కినప్పుడల్లా వెనక సీట్లో చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్కసారి దగ్గితే చాలు, ఇంకెప్పుడైనా పోతానని దిగిపోదును. హైదరాబాద్ దాకా పటేల్ ఒక్కసారైనా దగ్గలేదు. (విమానంలో కళ్లు మూసుకుని ముందు సీటును కౌగిలించుకున్న సంగతి వేరే.)

చాలా ఏళ్లు అక్కడ గడిపి తిరిగొచ్చాను. ఇప్పుడు జుట్టు నెరిసి, కోరుట్లలోనే ఒక చిన్న కారు నడుపుకుంటున్నాను. మొన్న దానికీ దగ్గు వచ్చింది. మెకానిక్ కుర్రాడు కంప్యూటర్ వైరు తగిలించి ఏదో సెన్సర్ అన్నాడు. "ఆగు," అని, ముందు బానెట్ అంతా వెతికి, అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నా బండికి ఏమన్న కట్టినవా?"

అవతల అక్క టీవీ చప్పుడు తగ్గించింది. తర్వాత అదే పాత గొంతు, అదే అనుమానం.

"లేదే. ఎందుకడుగుతున్నవ్? ఎటన్న పోతున్నవా ఏంది?"

"ఈ వయసుల ఎటు వోత అక్కా?"

"ఏమో, గట్లనే అంటవ్. జర బండి ఇంటికి తీస్కరా," అంది. "ఎర్రగుడ్డ ఉన్నది నా కాడ."