జెస్సికా వేసిన చీట్లు

జెస్సికా ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓపీ కౌంటర్లో పనిచేస్తుంది. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వెళ్ళివస్తుంది. సీతారామపురం వైపు నుంచి వచ్చే ముసలమ్మలు పేరు ఎప్పుడు పిలుస్తారోనని బెదురుతుంటే, లేచి వెళ్ళి "అవ్వా, నీ ముందర ఇంక ముగ్గురే" అని చెప్పి వస్తుంది. దేవుడు ఆ పిల్లకు మంచి మనసిచ్చాడని మా చర్చి సంఘంలో అందరం అనుకుంటాం.

ఇరవై ఆరేళ్ళకు ఆన్‌లైన్లో బీకాం మొదలుపెట్టింది. దానికి తోడు ఒక మైనర్ సబ్జెక్టు ఎంచుకోవాలి. సోమవారం ఆఖరు రోజు. ఒకసారి నొక్కితే మళ్ళీ మార్చుకోవడానికి లేదు. కంప్యూటర్ సబ్జెక్టు తీసుకుంటే ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో జీతం ఎక్కువుండే పని ఇస్తానని మేనేజరు సురేంద్రబాబు మాటిచ్చాడు. ఆమె మనసేమో సైకాలజీ మీద ఉంది.

తల్లి లిదియమ్మ, "ఎందుకే ఈ అగచాట్లు? ప్రార్థన చేసి చీట్లేద్దాం" అంది. జెస్సికా రెండు చీట్లు రాసి స్టీలు గ్లాసులో వేసింది. లిదియమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. సైకాలజీ. ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు మా బిడ్డకు దారి చూపించాడని సాక్ష్యం చెప్పింది. అందరం స్తోత్రం అన్నాం. జెస్సికా మాత్రం తల ఎత్తలేదు.

ఇంటికి రాగానే ఏడ్చేసింది. "అమ్మా, రెండు చీట్లలోనూ సైకాలజీ అనే రాసినాను."

"ఓసి నీ! నేను సంఘమంతటి ముందర చెప్పేసినానే!"

"భయమేసింది. కంప్యూటరొస్తే ఏం చెయ్యాలని..."

లిదియమ్మ కాగితం, పెన్ను ముందుకు తోసింది. "మళ్ళీ రాయి. ఈసారి నిజంగా రాయి."

జెస్సికా రాసింది, మడిచింది. తల్లి గ్లాసు చాపింది. కూతురు చెయ్యి దాని మీదికి పోయి ఆగిపోయింది.

"వద్దు. నేను సైకాలజీనే తీసుకుంటా."

"అట్టయితే దేవుడి మీద వెయ్యబాక. నేనే తీసుకున్నానని చెప్పు. వచ్చే ఆదివారం నా తప్పు నేను చెప్పుకుంటాలే."

జెస్సికా ఫోన్లో సబ్జెక్టు నొక్కింది. వెంటనే సురేంద్రబాబుకు ఫోన్ చేసి చెప్పేసింది, రేపటిదాకా ఆగితే ధైర్యం చాలదని.

"బాగా ఆలోచించుకున్నావా అమ్మా? ఆ బిల్లింగ్ పని మీ కౌంటర్లో దివ్యశ్రీకి ఇచ్చేస్తాను మరి."

"ఇవ్వండి సార్."

ఫోన్ పెట్టేసి, చేసింది తప్పో ఒప్పో తెలియక గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ఏమీ తినని బిడ్డ ముందు లిదియమ్మ అన్నం కలిపి పెట్టింది.